పొయ్యి మీద చెమ్మముల్లు

చిట్టా 1
ముల్లు: మెతక. వంతెన మీదకి: ఇరవై ఆరు మంది.

"ఏడో మంచె మీద కాపురముండు పిన్నలకు, పెద్దలకు, మేకలకు, మరియు తాతారావు గారికి చాటి చెప్పడమేమనగా! నేటి నుండి ఎవ్వరూ జంటగా తుమ్మరాదు. ఒకరి తుమ్ము పూర్తయిన పిమ్మటే రెండవవారు మొదలెట్టవలెను. అంతవరకు ముక్కు పట్టుకొని వరుసలో నిలబడవలెను. నవ్వుకు కూడా ఇదే నియమము. ఆవలింతకు బరువు లేదు గనుక మినహాయింపు కలదు. అతిక్రమించిన వారి మంచం వంతెన నడిమధ్యన వేయబడును. డండడం!"

ఈ చాటింపు ఎవరూ వెయ్యమనలేదు. పొద్దున్నే డప్పు తగిలించుకుని నేనే వేశాను. మధ్యాహ్నానికి నలుగురు ముక్కు పట్టుకుని నాకెదురొచ్చారు. అందులో ఒకడు పిల్లలకి పాఠాలు చెప్పే మాస్టారు. డప్పు మోగితే చాలు, సముద్రంలో గుంజల మీద నిలబడ్డ మా మంచె మీద ఏదైనా నమ్ముతారు.

నా పేరు నూకరాజు. ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఎనిమిదిలో మాత్రం బాగా ఎక్కువ కాలం చదివాను. ఉద్యోగం రేవు మంచెకి పోయే ఉప్పు వంతెన దగ్గర లెక్క మనిషి. అంటే ముల్లు చూడ్డం, మనుషుల్ని లెక్కపెట్టి వదలడం, ఈ చిట్టా రాయడం. పెద్దలెవరూ దీన్ని చదవరు కాబట్టి నా ఇష్టమొచ్చినట్టు రాస్తాను.

ముల్లంటే చెమ్మముల్లు. వంతెన మొదట్లో గుంజకి వేలాడుతుంటుంది. మెలిపెట్టిన గోగునార తాడు, కొసన ఓ చేపముల్లు, వెనక గీతలు గీసిన చెక్క. గాలిలో చెమ్మ పెరిగితే తాడు ఉబ్బి పొట్టిదవుతుంది, ముల్లు పైకి లేస్తుంది. ఎండకి తాడు సాగి ముల్లు దిగుతుంది. కింది గీత మీదుంటే పొడి, నలభై మంది మూటలతో నడవొచ్చు. మధ్య గీత మెతక. పై గీత తడి. తడి రోజున పద్నాలుగు మందే, వాళ్ళూ భోజనానికి ముందు.

చిట్టా 2
ముల్లు: మెతకకి కొంచెం పైన. ఇరవై మంది.

కాసులమ్మ వదిన కట్లు చూడ్డానికి వచ్చింది. వరసకి వదిన. ఈ వంతెన కట్టింది ఆవిడే. ఆవిడ వెనకే తాడుచుట్ట భుజాన వేసుకుని కూతురు వీరమణి. ఇరవై రెండేళ్ళది, తల్లికంటే పొడుగు, తల్లికంటే మొండి.

"ఏం మరిదీ, తుమ్ములకీ చాటింపేశావంట?"

"ఆయ్. నీ తుమ్ముకి భయపడే వదినా. నువ్వు తుమ్మితే రెండు కట్లు వదులవుతాయి."

"నా తుమ్ముకి కాదొరేయ్, నీ వాగుడికి వదులవుతున్నాయి. ఇలా రా. ఇక్కడ గోరుతో గుచ్చు."

గుచ్చాను. వెదురు బొంగులో గోరు ముద్ర పడింది, ముదురు వంకాయలో పడ్డట్టు.

"చూశావా? పొడి బొంగు కోపిష్టి మొగుడి లాంటోడు. గట్టిగా ఉండి ఉండి ఒక్కసారి ఠప్పుమంటాడు. తడి బొంగు మెతక మొగుడు. విరగడు. వంగుతాడు, ఇంకా వంగుతాడు, బరువు దించినా మళ్ళీ నిటారు కాడు. ఓ రోజు చూసేసరికి కొంప నీళ్ళలో ఉంటుంది."

"మా అన్న ఏ రకం?"

"మీ అన్న అసలు వెదురే కాదు, అరటిబోదె," అంది వదిన. వీరమణి తాడుచుట్ట కింద పడేసి మరీ నవ్వింది.

తర్వాత వదిన నవ్వకుండా చెప్పింది. మూటల్లోంచి ఉప్పునీరు కారి కారి నడక బద్దలన్నీ ఉప్పు తాగేశాయి. ఉప్పు తాగిన వెదురు ఎండలో కూడా ఆరదు. కుండలో ఉప్పు చెమ్మగిల్లినట్టే, గాలిలో ఉన్న తడంతా లాక్కుంటుంది. వానకి బొంగు ఉబ్బి తాడు బిగుసుకుంటుంది, ఎండకి బొంగు చిక్కి తాడు జారుతుంది. ఇలా బిగిసీ జారీ బిగిసీ జారీ కట్టు చచ్చిపోతుంది.

"వంతెన మూసి బద్దలు మార్చాలి, కింద ఊతాలు పెట్టాలి. తాతారావు గారికి నువ్వే చెప్పు."

"నేను చెబితే వేళాకోళం అంటారు వదినా."

"నేను చెబితే ఆడదాని నస అంటారు. నీది కనీసం నవ్వొస్తుంది."

చిట్టా 3
ముల్లు: తడి. పద్నాలుగు మంది.

మూడు రోజులుగా ముసురు. ఈ చివర ఉప్పు మూటలు గుట్టలు పడ్డాయి. ఆ చివర రేవు మంచె దగ్గర ఎగువ నుంచి వచ్చిన బియ్యం పడవలు కాసుకుని ఉన్నాయి. ఉప్పు ఇస్తే బియ్యం. ఉప్పు దాటకపోతే పడవలు ఎనిమిదో మంచెకి పోతాయి, మేం ఈ కారు చేపలు తిని చేపలు తాగాలి.

తాతారావు గారు వచ్చారు. మా మంచె ప్రెసిడెంటు. చెడ్డ మనిషని రాయలేను, రాయడం సులువే గాని. ఆయన ఇంట్లో కూడా రాత్రి గంజే.

"నూకరాజూ, ఈ ముల్లు వానలో తడుస్తోంది కదయ్యా?"

"వాన పడుతోంది కదండీ మరి."

"అదే తప్పు. అది కొలవాల్సింది గాలిలో చెమ్మని. నెత్తిన వాన పోస్తే తాడు అబద్ధం చెబుతుంది. నీడపట్టున పెట్టాలి."

మాట వినడానికి బాగానే ఉంది. నేనూ తలూపాను. నీడ అంటే చూరు కింద అనుకున్నాను. ఆయన మనుషులు దాన్ని తీసుకెళ్ళి పొట్టిక్కల కొట్లో పెట్టారు. మంచె మీద వాన కారని కప్పు అదొక్కటే. కొట్టులో గోడ ఖాళీగా ఉన్నచోట తగిలించారు. ఖాళీగా ఎందుకుందంటే, కింద పొయ్యి ఉంది గనక. పనసాకు బుట్టల్లో పిండి ఉడికే పొయ్యి, తెల్లారింది మొదలు ఆరదు.

గంటలో ముల్లు కింది గీతకి దిగింది. జనం ఈలలు వేశారు.

చిట్టా 4
ముల్లు: పొడి. నలభై మంది.

వాన. ముల్లు పొడి.

ఏడో మంచె వాళ్ళకి ఇంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. వానాకాలమంతా ఆగిపోవాల్సిన పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. మొన్న ఓ పెళ్ళిలో పెళ్ళికొడుకు తాత పెట్టె తెరిచి, నూనెలో ముంచి దాచిన ఇనుపమేకు అందరికీ చూపించాడు. ఇనుము తినే పురుగు మిగల్చిన ఒకే ఒక్క మేకు. సముద్రంలో మునిగిన ఓడల్ని తినమని ఎవరో పెద్ద చదువులవాళ్ళు ఆ పురుగుని పెంచి వదిలారట. అది ఓడలు అయ్యాక వంతెనలు తింది, రైలు పట్టాలు తింది, మా తాత సైకిలు తింది. తర్వాత నీళ్ళొచ్చి కొబ్బరితోటల్ని తిన్నాయి. జనం మేకుకి దండం పెట్టుకున్నారు. మళ్ళీ ఇంకోసారి చదువుకున్నవాడి మాట, ఈసారి తాతారావు గారిది, నమ్మి భోజనానికి కూర్చున్నారు.

ఉదయం కొట్టుకెళ్ళి పొట్టిక్కలు తింటూ ముల్లు చూసి రాసుకుంటున్నాను. చట్నీ బాగుంది. అది తప్ప ఇందులో నిజం లేదు.

నేనో ఆట మొదలుపెట్టాను. వంతెన ఈ చివర నుంచి కొబ్బరికాయ దొర్లించడం. ఇదివరకు కొంతదూరం వెళ్ళి ఏదో కణుపుకి తగిలి ఆగేది. ఇప్పుడు నేను వదిలినా, అవతల చివర రేవువాళ్ళు వదిలినా, కాయ పరుగెత్తుకుంటూ నడిమధ్యకి వెళ్ళి కూర్చుంటోంది. పందేలు కాసి రెండు సొరచేప ముక్కలు గెలిచాను. గెలిచిన ముక్క నోట్లో పెట్టుకున్నాక అర్థమయ్యింది నేనేం గెలుస్తున్నానో. వంతెన నడుము దిగిపోతోంది.

వెళ్ళి తాతారావు గారికి చెప్పాను.

"ముల్లు ఏం చెబుతోంది?" అన్నారు.

"ముల్లు ఇడ్లీలు ఉడికాయని చెబుతోందండీ."

నవ్వారు. నిజంగా బాగా నవ్వారు. నవ్వి, మంచిరోజు చూసి నలభై కాదు అరవై మంది అన్నారు. ఎగువ పడవలు వారంలో వెళ్ళిపోతాయట.

చిట్టా 5
ముల్లు: పొడి. అరవై మందికి ఎల్లుండి ముహూర్తం.

మా దగ్గర ఓ ఆనవాయితీ ఉంది. వంతెన మీద కొత్త బరువు ఏది ఎక్కినా, కట్టు కట్టినవాళ్ళు కింద పడవలో కూర్చోవాలి. మొదటి బరువు దాటేదాకా లేవకూడదు. దొంగకట్టు కట్టినవాడు ముందు వాడే చస్తాడని పెద్దలు పెట్టారు. లేచి పారిపోతే కట్టులో దోషం ఉందని ఒప్పుకున్నట్టే. ఆ ఇంటివాళ్ళు మళ్ళీ తాడు ముట్టుకోకూడదు, కట్టువారి గుడిసె ఖాళీ చెయ్యాలి, అడుగు మంచెకి దిగిపోవాలి. అడుగు మంచె అంటే ఆటుపోటుకి మోకాలి లోతు నీళ్ళొచ్చే చోటు. అక్కడ పిల్లలకి కాళ్ళు నీళ్ళలో నాని పాసిపోయి ఉంటాయి.

అరవై మంది అంటే కొత్త బరువు. అంటే కాసులమ్మ వదిన కింద కూర్చోవాలి.

నాకు వచ్చిన విద్య ఒకటే. ఇవాళ పొద్దున కొట్లోకి వెళ్ళి, పుక్కిట నీళ్ళు పట్టి, ఎవరూ చూడకుండా ముల్లు తాడు మీద ఊశాను. రెండుసార్లు. తాడు బిగుసుకుని ముల్లు పైగీతకి లేచింది. "తడి! తడి!" అని డప్పు వాయించుకుంటూ మంచె అంతా తిరిగాను.

తాతారావు గారు వచ్చి తాడు పట్టుకు చూశారు. వేళ్ళు వాసన చూసుకున్నారు.

"చెమ్మకి ఉల్లి చట్నీ వాసన వస్తుందేమయ్యా నూకరాజూ?"

కొట్టంతా ఘొల్లుమంది. ఆయన పొయ్యిలో ఇంకో పుల్ల వేశారు. జనం కళ్ళముందే ముల్లు మెల్లగా పొడికి దిగింది. నా బతుకులో నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది. దానికే అందరూ ఎక్కువ నవ్వారు.

సాయంత్రం వదిన తాడు పేనుతోంది. పక్కన కూర్చున్నాను.

"కూర్చోనని చెప్పు వదినా. జ్వరమని చెప్పు. నేను చాటింపేస్తాను, అమ్మవారు పోసిందని."

"కూర్చోనంటే పిల్ల అడుగు మంచెకి పోద్ది మరిదీ."

"కూర్చుంటే?"

"తడి బొంగురా ఇది. చెప్పకుండా చంపదు. ముందు మూలుగుద్ది, తర్వాత వంగుద్ది. చూసుకుంటాలే." తాడుకి ఇంకో పోగు కలిపి, "వీరమణికి పెసరట్టంటే ఇష్టం. ఈసారి బియ్యంతో పాటు పెసలొస్తే రెండు దోసిళ్ళు అడిగి తీసుకో. మర్చిపోకు," అంది.

"నువ్వే తీసుకో," అన్నాను. తాడు కొసతో నెత్తి మీద ఒక్కటిచ్చింది.

చిట్టా 6
ముల్లు: పొడి. అరవై మంది.

తెల్లారుతూనే మంచు, తుంపర. గుంజలన్నీ చెమటలు పట్టి ఉన్నాయి.

కాసులమ్మ వదిన పడవ తీసుకెళ్ళి వంతెన నడుము కింద ఆపింది. రేవు చివర బియ్యం పడవల వాళ్ళు చూస్తున్నారు, కాని మంచులో వాళ్ళకి పైన మనుషులే కనపడతారు. కింద పడవ కనపడేది లెక్క మనిషి నిలబడే చోటుకే. అంటే నాకు.

అరవై మంది ఉప్పు మూటలతో ఎక్కారు. ముందు వరస నడుము దాటింది. వంతెన మూలిగింది. విరిగిన చప్పుడు కాదు, ముసలమ్మ మంచం మీద ఒత్తిగిల్లినట్టు. మరుక్షణం నడుము దిగడం మొదలెట్టింది, మెల్లగా, నవారు మంచంలా. మనుషులు ఏటవాలుకి కాళ్ళు నిలవక మూటలు పారేసి కేకలు పెడుతూ రెండు వైపులకీ పాకారు. మూటలన్నీ నడిమధ్యకి దొర్లాయి. కట్లు ఒకటొకటే జారాయి. ఆఖరికి పక్క గుంజ వాలి, మూటలతో సహా నడుమంతా కింద పడింది.

మోసేవాళ్ళందరూ బతికారు. కాళ్ళూ చేతులూ గీరుకున్నాయి, అంతే.

కాసులమ్మ వదిన పడవలో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. మూలుగు విన్నది. పైకి చూసింది. తెడ్డు ముట్టుకోలేదు. గుంజ పడేదాకా అలాగే కూర్చుంది.

చిట్టా 7
ముల్లు: పొడి. వంతెన లేదు.

పంచాయతీ పెట్టారు. మొదటి సాక్షి చెమ్మముల్లు. కొట్లోంచి తెచ్చి చూశారు, పొడి. కాబట్టి చెమ్మ తప్పు కాదు. బరువు ముల్లు చెప్పినదాన్ని బట్టే పెట్టాం, కాబట్టి బరువు తప్పు కాదు. ఇక మిగిలింది కట్టు.

వీరమణి తల వంచుకుని నిలబడింది. తాతారావు గారు నన్ను పిలిచారు.

"నూకరాజూ, వేళాకోళం వద్దు. కాసులమ్మ లేచిందా, కూర్చుందా?"

"కూర్చుందండి. తెడ్డు ముట్టుకోలేదండి."

చిట్టా తెమ్మన్నారు. ఆరోది గట్టిగా చదివించారు. ఈ చిట్టాని ఎవరైనా చదవడం అదే మొదటిసారి. ఆఖరి వాక్యం దగ్గర ఆడవాళ్ళు ఏడ్చారు. కూర్చున్నవాళ్ళ కట్టులో దోషం ఉండదు కాబట్టి కట్టు కూడా తప్పు కాదని తేలింది. అందరూ కాసేపు ఆలోచించి సముద్రానిది తప్పన్నారు. సముద్రం ఏమీ అనలేదు.

వీరమణికి తల్లి తాడు అప్పజెప్పారు. గుడిసె నిలబడింది. బియ్యం పడవలు వెళ్ళిపోయాయి. పెసలు రాలేదు.

చిట్టా 8
ముల్లు: పొడి. కొత్త వంతెన తయారు. రేపు మొదటి బరువు.

ఇంకోసారి నేను చాటింపులు వెయ్యను. డప్పు మోగకుండానే వీళ్ళు నమ్మేస్తున్నారు.

వదినకి రేవు దగ్గర వెదురు బొమ్మ పెట్టారు, మోకాళ్ళ మీద చేతులతో. మాస్టారు పిల్లల చేత "కదలని కాసులమ్మ" అని పాట పాడిస్తున్నాడు. వీరమణి కట్టిన కొత్త వంతెనకి కూడా అవే బొంగులు, ఉప్పు తాగినవి. కొత్తవి దింపే పడవలు ఇంకా రాలేదు. వీరమణి ఊతాలడిగింది, తర్వాత చూద్దామన్నారు. ముల్లు మాత్రం పొయ్యి మీదే ఉంది. పొట్టిక్కల కొట్టు వాళ్ళు దానికి బొట్టు పెట్టారు.

ఇవాళ పంచాయతీ ఇంకో తీర్మానం చేసింది. కాసులమ్మ గౌరవార్థం ఇకనుంచి కట్టువారి పడవలో తెడ్డు ఉండదు. ఆ మహాతల్లి ముట్టుకోని తెడ్డు ఇంకొకరికి ఎందుకు అన్నారు తాతారావు గారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా. నటన కాదు, అదే నా ఏడుపు.

తీర్మానానికి అందరికంటే ముందు చెయ్యెత్తింది వీరమణి.

పరుగెత్తుకెళ్ళాను. పడవ కడుగుతోంది.

"అమ్మాయ్, తెడ్డు దాచిపెట్టుకో. చీర కింద పెట్టుకో. మూలుగు వినపడగానే తోసుకొచ్చెయ్."

"మా అమ్మ ముట్టుకుందా బాబాయ్?"

"ముట్టుకుంది."

కడిగే చెయ్యి ఆగింది. నా వంక చూసింది. నా మొహం మీద ఏళ్ళుగా అతుక్కుపోయిన నవ్వొకటుంది, ఏడుస్తున్నా పోదు. అదే చూసింది.

"అందరి మీదా వేళాకోళాలాడావు. చచ్చిపోయిన మా అమ్మ మీద కూడానా? పంచాయతీలో నువ్వే చెప్పావు. చిట్టాలో నువ్వే రాశావు. ఫో బాబాయ్. ఫో ఇక్కణ్ణుంచి."

చిట్టా 9
ముల్లు చూడలేదు. తుంపర పడుతోంది.

వీరమణీ, నా నోటి మాట నువ్వు నమ్మవు. నమ్మేలా నేను బతకలేదు. అందుకని రాస్తున్నాను. పంచాయతీ చదివి ఏడ్చిన చేతిరాతే ఇదీ. పొద్దున్నే నువ్వు పడవ ఎక్కేముందు ఈ కాగితం, నా తెడ్డు రెండూ అందులో పడేస్తాను. చదివాక నన్ను తాతారావు గారికి పట్టించు, అడుగు మంచెకి దింపించు. నాకు మోకాలి లోతు నీళ్ళు కొత్త కాదు.

ఈ చిట్టాలో ఉప్పు నిజం, తడి నిజం, వంతెన దిగడం నిజం, నేను ఊసిన నీళ్ళు కూడా నిజమే. మీ అమ్మ తెడ్డు ముట్టుకోలేదన్న ముక్క ఒక్కటే నేను కల్పించింది. నీ గుడిసె కోసం కల్పించాను.

మొదటి మూలుగుకే ముట్టుకుంది. రెండు చేతులా పట్టుకుని, పైకి చూస్తూ నన్నూ తాతారావునీ ఈ మంచెనీ కలిపి పచ్చి బూతులు తిడుతూ, రేవు వైపు బలంగా తోసింది. ఇంకొక్క తోపు తోస్తే గుంజ పక్కన పడేది. మీ అమ్మ కూర్చుని చావలేదమ్మా. బతకడానికి వచ్చేస్తూ పోయింది.